పచ్చగా కనబడే కొండ

మ్యాపులాయనకి ఆ కొండంటే ఒళ్లుమంట. కొండ మీద కోపమేమిటని నవ్వకండి. అది కోలుకుందని తేలేదాకా ఇంటివైపు బదిలీ లేదని ఆఫీసువాళ్లు ఆయన కాళ్లూ చేతులూ కట్టేశారు. ఆఫీసు వెనకగదిలోనే కాపురం. గోడలకి చెమ్మ, ఒకటే కిటికీ. తెరిస్తే ఎదురుగా కొండ, మూస్తే ఉక్క.

ఆ కొండ మీద ఎప్పుడో తగలబడిన అడవి ఎంత తిరిగొచ్చిందో ఉపగ్రహం ఫొటోల్లో పచ్చదనం కొలిచి చెప్పడం ఆయన పని. పైనుంచి చూస్తే చెట్టయినా పిచ్చిపొదయినా పచ్చే కాబట్టి, కొండెక్కి కింద ఏముందో కూడా చూసి రావాలి.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ఫొటోలో కొండంతా నిగనిగలాడింది. ఎక్కి చూస్తే ఏముంది, నడుమెత్తు ముళ్లపొదలు! వాటి కింద కాలిన మోడులు, మోడుల మొదట్లో పాలిపోయిన చిగుళ్లు. వేళ్లు బతికే ఉన్నాయి. పొదలు కొట్టేసి కాస్త ఎండ తగలనిస్తే అడవి దానంతటదే లేస్తుంది. కానీ ఆ మాట రాస్తే తనకి ఇంకొన్నేళ్లు ఇక్కడే. అక్కడే కూలబడి ఏడ్చాడు.

సాయంత్రం ఇల్లాలు ఫోన్ చేసింది. “ఈసారైనా తేలుతుందా అండీ? పిల్ల మిమ్మల్ని చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది.”

“తేలిపోయిందే. వచ్చేస్తున్నా,” అన్నాడు.

మర్నాడే ‘కొండ కోలుకుంది’ అని రిపోర్టు పంపేశాడు. తప్పే, కాదనను. ఆ గదిలో నాలుగు రోజులుండి, అప్పుడు తిట్టండి.

పెద్దసారు ఎగిరి గంతేశాడు. “శభాషయ్యా! చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తామంటున్నారు. నువ్వే దగ్గరుండి చూపించాలి.”

“మరి నా బదిలీ, సార్?”

“నువ్వెళ్లిపోతే ఎలాగయ్యా? నెలకోసారి సెలవు మీద వెళ్లిరా.”

నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇక రోజూ జనాన్ని వెంటేసుకెళ్లి ముళ్లపొదల్ని అడవని చెప్పడమే. కాళ్ల కింద చిగుళ్లు మాత్రం ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. అది ఆయనకి అన్నం సయించనివ్వలేదు. ఒక ఆదివారం ఎవరూ చూడకుండా కత్తి పట్టుకెళ్లి, కొండకి అవతలి వాలున కొంతమేర పొదలు నరికేశాడు. చేతులు బొబ్బలెక్కినా, చాన్నాళ్లకి ఆ పూట కడుపునిండా తిన్నాడు.

తర్వాతి ఫొటోలో ఆ మేర బోడిగా కనబడింది. పెద్దసారు గదిలోకే వచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “మన అడవిని ఎవడో నరికేశాడయ్యా! వాడు దొరికేదాకా నీకు సెలవుల్లేవు. కొండకి కాపలా నువ్వే.”

“అలాగే సార్,” అన్నాడు, బొబ్బల చేతులు వెనక్కి పెట్టుకుని.

ఎవడో కొండ మీద నరికాడని, వాడు దొరికేదాకా సెలవుల్లేవని మాత్రమే ఇల్లాలికి ఫోన్లో చెప్పాడు. “ఆ నరికినవాడు తొందరగా దొరుకుతాడా అండీ?” అంది ఆమె.

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే, బొబ్బల చేత్తో కిటికీ మూసేశాడు.