ఇప్పపూల ధైర్యం

మొన్న మనవరాలు బాన్సువాడ నుంచి ఇప్పపూల లడ్డూలు తెచ్చింది. డబ్బా మూత తీయగానే ఆ మత్తు తీపి వాసనకు మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎంత బతిమాలినా ముట్టలేదు.

నిజాం కాలంలో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండలు ముదరకముందే తండా పక్కన రాలిన ఇప్పపూలను గంపలకెత్తుకొచ్చి వాకిట్లో చాపల మీద ఎండబోస్తే, ఈగల మోతతో, మగ్గిన తీపి వాసనతో ఇల్లంతా నిండిపోయేది. కొన్ని నువ్వులతో దంచి మాకు ముద్దలు పెట్టేవారు, మిగిలినవి సారాకు పోయేవి. పండుగనాడు మోదుగాకు దొప్పల్లో పిల్లలకూ గుక్కెడు కల్లు పోసేవారు. మొండిదాన్ని, నాకు పులుపు తప్ప ఏమీ తెలిసేది కాదు. మా చిన్నాయిన రాజయ్య మాత్రం దొప్ప పెదవికి తాకకముందే మీసం దువ్వేవాడు.

అంత పిరికివాడు ఊళ్లో లేడు. తన నీడకు తానే జడిసే మనిషి. మా చెరుకు తోట మంజీర ఏటికి అవతల ఉండేది; మోకాలిలోతు నీళ్లలో దిగాలన్నా వణికేవాడు. ఊరు నవ్వుతుంటే చూడలేక నాయినమ్మ ఒకనాడు ఇప్పపూలు ఉత్త నీళ్లలో కాచి, వడగట్టి, ముంతలో పోసిచ్చింది.

"తాగు కొడకా, గిది తండా సారా. గుండె గట్టిపడ్తది."

పొయ్యి దగ్గర కూర్చుని అంతా చూశాను. అందులో సారా చుక్క లేదు. అయినా చిన్నాయిన కళ్లు ఎర్రబడ్డాయి, మాట ముద్దైంది, రొమ్ము విరుచుకుని ఏరు దాటాడు. నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"చెప్పకే పిల్లా, చెప్తె మల్ల పిరికోడైతడు."

నాకూ అదొక ఆటే. రెండేళ్లు ఆ నీళ్లతోనే ఏరు దాటాడు.

మూడో ఏడు శ్రావణం నాటికి దాచిన పూలు అయిపోయాయి. నాయినమ్మ మద్నూరులో మా అత్త ఇంటికి వెళ్లింది. ముసురు పట్టింది, ఏరు పెరుగుతోంది, అవతల తోటలో మా ఎద్దులు కట్టేసి ఉన్నాయి. చిన్నాయిన తండాకు పోయి నిజం సారా తాగొచ్చాడు. అడుగులు తడబడుతున్నాయి.

"పోకు చిన్నాయినా" అన్నాను.

"నాకేం ఫికరే? కడుపుల సారా ఉన్నది."

ఇన్నాళ్లూ నువ్వు తాగింది ఉత్త పూల నీళ్లేనని చెబితే, పిరికితనం తిరిగొచ్చి ఒడ్డునే ఆగేవాడేమో. నాలుక చివరిదాకా వచ్చింది. నాయినమ్మ తిడుతుందని మింగేశాను.

మూడోనాడు బీర్కూరు దిక్కున ఏటి ఒడ్డున శవమై దొరికాడు. బతికినన్నాళ్లూ నాయినమ్మ నా కళ్లలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

ఇప్పుడా తండా పక్క ఇప్పచెట్లు లేవు. ఏటి మీద వంతెన పడింది, దాటడానికి ఎవరికీ ధైర్యం అక్కర్లేదు.

"భయపడకు అమ్మమ్మా, వీట్ల మత్తేం ఉండది, ఉత్త పూలే" అంటోంది మనవరాలు.

ఆ సంగతి నాకు తొమ్మిదేళ్లప్పుడే తెలుసు. చెప్పలేదు, అంతే.