వానకు తడిసిన మామిడి ముక్కలు

ఈ వేసవిలో మొదటిసారి కొత్తగూడెం బజారులో సీసా పచ్చడి కొని తెచ్చుకున్నాను. జాడీ ఎత్తి దించే సత్తువ భుజాల్లో లేదు, ఎత్తిపెట్టమని ఒకరిని అడిగే ఓపికా లేదు. నా ఈడు వాళ్ళకు ఈ అలసట గురించి వేరే చెప్పక్కర్లేదు. సీసా మూత తిప్పుతుంటే, ములకలపల్లి దగ్గర అత్తవారింట్లో నేను తొలిసారి ఊరగాయ పెట్టబోయిన ఏడు గుర్తుకొచ్చింది.

నాకు పెళ్ళై ఏడాది తిరక్కముందే అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంతవరకు జాడీల దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదావిడ. ఆ తర్వాత నలుగురి ముందూ ఎడమచేత్తో తినడం నామోషీ అనిపించి గోడవైపు తిరిగి తినేది. తినిపిస్తామంటే పళ్ళెం పక్కకు నెట్టేసేది. వానలు పడితే మా ఊరి వాగు పొంగి సంతకు దారి ఉండేది కాదు కాబట్టి, అంతమంది తినే ఆ ఇంట్లో ఎండల్లో దాచిందే వానాకాలం కూర. ఆ ఏడు ఆ పని నా మీద పడింది.

అత్తమ్మ వాకిట్లో మంచం వేయించుకుని, ముద్దగా వచ్చే మాటతోనే ఒక్కొక్కటీ చెబుతుంటే, మామయ్య కొట్టి ఇచ్చిన మామిడికాయల్లో జీడి తీసి, ముక్కముక్కా పొడిబట్టతో తుడిచి పాతచీర మీద ఆరబోశాను. నడుము పట్టేసింది. ఇక ఆవాలు దంచుదామని లోపలికి వెళ్ళానో లేదో, అడవి వైపు నుంచి గాలివాన విరుచుకుపడింది. మామయ్య, నేను కలిసి ముందు అత్తమ్మ మంచాన్ని లోపలికి చేర్చి వచ్చేసరికి ముక్కలన్నీ నానిపోయాయి. చేలో చెట్లమీది కాయలు రాలి పగిలిపోయాయి, మళ్ళీ పెడదామన్నా కాయ లేదు. నేను గడపలో కూర్చుని ఏడ్చాను.

“ఏడువకు బిడ్డా. ఊరగాయ పెడితే బూజు పడ్తది గానీ, కండ చెక్కి ఉప్పు, పసుపు కలిపి ఎండబెట్టు. ఒరుగులైతయ్,” అన్నది అత్తమ్మ.

తెల్లారి ఎండ కాసింది. టెంకల మీంచి కండ చెక్కీ చెక్కీ వేళ్ళు పులుపుకు మండిపోయాయి. గలగలమనేదాకా ఎండిన ఒరుగులను కుండలకెత్తి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టాను.

వానాకాలంలో వాగు పొంగి చాలారోజులు దిగలేదు. ఊరగాయ లేని ఆ ఇంట్లో పప్పులో గుప్పెడు ఒరుగులు వేసి వండాను. అందరి భోజనాలూ అయ్యాక అత్తమ్మకు పళ్ళెం తీసుకుపోయి, అలవాటుగా పక్కన పెట్టి లేవబోయాను. ఆవిడ గోడవైపు తిరగలేదు.

“చెయ్యి గుంజుతుంది. నువ్వే పెట్టు,” అన్నది.

ఒరుగు ముక్క మెదిపి మొదటి ముద్ద పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలి, ఉప్పు సరిపోయిందని మాత్రం చెప్పింది. ఆనాటి నుంచి పోయేదాకా నా చేతి ముద్దే తిన్నది.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది, ఎంత ముసురులోనైనా కూరగాయల ఆటో ఇంటి ముందుకొస్తుంది. నా కోడలికి ఈ పనులేవీ నేర్చుకునే అవసరం రాలేదు. రాకూడదనే నేనూ కోరుకున్నాను, ఆ నడుం నొప్పి నాకు తెలుసు కనుక. కానీ ఒక ముసలిదాని మంచం పక్కన ఒక చిన్నది రోజంతా కూర్చోవలసిన పని కూడా దాంతోపాటే పోయింది. కోడలు మంచిపిల్ల, పొద్దున ఆఫీసుకు పోతూ, ఏమైనా కావాలా అత్తమ్మా అని గుమ్మంలోంచి అడుగుతుంది. ఏమీ వద్దంటాను. నిజంగానే ఏమీ అవసరం ఉండదు.