మలయ్ ఆఫీసరుకు వినబడిన గుర్రాలు

నా ఉద్యోగం, వర్క్ పాస్, పరువు మూడూ ఒక్క మాటకు పోబోయిన కథ చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు నవ్వు రానివాణ్ణి నేనొక్కణ్ణే.

ఐటీ బూమ్ రోజులు. గుంటూరువాణ్ణి, సింగపూర్ వచ్చి నాలుగు నెలలైంది. టోవా పాయో ఫ్లాట్‌లో నా రూమ్మేట్ కరీంనగర్ సలీం. రోజూ ట్రైన్‌లో ఓ కౌబాయ్ నవల చదివేవాణ్ణి. అందులో పశువుల దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు గుర్రాలెక్కి సరిహద్దు దాటి మగాళ్లయిపోతారు. మూడోసారి చదివాక నాకూ అర్జెంటుగా మగాణ్ణి కావాలనిపించింది. బస్సెక్కితే సరిహద్దు, అది దాటితే మలేషియాలోని జొహోర్. అక్కడ గుర్రాలు అద్దెకిస్తారని విని, వీసాలు వేయించి, ఒక శనివారం పొద్దున్నే సలీంను లాక్కుపోయాను.

నా గుర్రం నన్ను మోస్తూ అరగంట గడ్డి మేసింది. అడుగు కదల్లేదు. అయినా నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ ఊపులో, తిరిగి సింగపూర్‌లోకి వచ్చేటప్పుడు నింపే కార్డులో వృత్తి అన్నచోట ప్రోగ్రామర్ అని రాయకుండా 'కౌబాయ్' అని రాశాను. నా తెలివి అలాంటిది.

సింగపూర్ ఇమిగ్రేషన్ కౌంటర్‌లో మలయ్ ఆఫీసర్ కార్డు చూశాడు, నా పాస్ చూశాడు, ప్యాంటుకంటిన గుర్రపు లద్ది చూశాడు. పాస్‌లో ఒక పని ఉంటే ఇంకో పని చేసేవాళ్లను ఏం చేస్తామో తెలుసా అని మెల్లగా అడిగాడు. తెలుసు, ఇంటికి పంపేస్తారు. జోక్ సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. ఇద్దర్నీ పక్క గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని మా కాగితాలు తిరగేశాడు.

భయంతో సలీం చెవిలో గొణిగాను. "నువ్వు కూడా అలాగే రాశావా? నిన్ను కూడా పంపేస్తే మీ అమ్మకి కూడా నేనే జవాబు చెప్పాలి."

ఆఫీసర్ తలెత్తాడు. "మూడు గుర్రాలా? ఎవరివి?"

మలయ్‌లో 'కూడా' అంటే గుర్రమట, ఆయనే చెప్పాడు. నాకేం తెలుసు? "ఇది కూడా నా ఖర్మే" అని తల పట్టుకున్నాను. గుర్రాలు నాలుగయ్యాయి.

మా భాషలో ఆ మాటకు 'టూ' అని అర్థమే తప్ప గుర్రం కాదని ఇంగ్లీషులో మొత్తుకున్నాను. అయితే 'మీ టూ' అని మీ భాషలో నువ్వు చెప్పు అంటూ ఆయన సలీం వైపు తిరిగాడు. హరిశ్చంద్రుడి తమ్ముడిలా సలీం నిజం చెప్పాడు.

"మేం అట్ల అనం సార్. 'నేను సుత' అంటం."

నా పని అయిపోయిందనుకున్నాను. విమానం టికెట్ కళ్ల ముందు కనబడింది. ఆ గదిలోనే మూలన నెల్లూరు పెద్దాయన ఒకరు పాస్ ఇంట్లో మరిచి, కూతురికి ఫోన్ చేస్తున్నారు. "అమ్మాయ్, పాస్‌తో పాటు నా కళ్లజోడు కూడా తీసుకురా."

ఆఫీసర్ ఆయన టై చూశాడు, బట్టతల చూశాడు, నన్ను చూశాడు. తర్వాత ఈయనకూ గుర్రముందా అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. కౌబాయ్ కొట్టేయించి, ప్రోగ్రామర్ అని రాయించి, ముద్ర వేశాడు. అంత తీయటి చప్పుడు నేను మళ్లీ వినలేదు. బస్సులో కూర్చున్నాక నిజంగానే కళ్లలో నీళ్లొచ్చాయి.

సలీంను నాలుగు తిట్టాను. "నిజమే చెప్పిన గదరా" అన్నాడు.

ఆ బస్సులోనే ప్రమాణం చేశాను. బతికుండగా ఆ కార్డుతో వేషాలు వేయను. గుంటూరువాణ్ణైనా సరే, సరిహద్దు దాటేదాకా నేను సుత 'సుత' అనే అంటాను.