‘ఎవురు కొలిచినారు?’ అని అడిగే సారు

మా పక్కింటి సారు పోయారు. గత నెల, ఎండలు ముదిరిన రోజుల్లో, తెల్లవారకముందే. ఆ వార్త మా ఇంటికి రావాలంటే ఒక పిట్టగోడ దాటితే చాలు. అయినా నాకింకా పూర్తిగా చేరినట్టు లేదు. పొద్దున్నే డాబా ఎక్కినప్పుడు చెవి అటువైపే పోతూ ఉంటుంది.

మాది చంద్రగిరి. దూదేకులవాళ్లం. పరుపులు, బొంతలు, దిండ్లు కుట్టి బతుకుతాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా పెద్ద తమ్ముడు, అతని భార్య పని చేస్తారు. చిన్న తమ్ముడికి తిరుపతిలో సెల్‌ఫోన్ల అంగడి. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. సారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. మా ముగ్గురికీ ఆయనే చెప్పారు.

ఒక మామూలు పొద్దు పదేపదే గుర్తొస్తోంది. తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు ముగించి డాబా ఎక్కాను. దుప్పటి పరిచి, రాత్రి తేమ పట్టిన బూరుగుదూది దాని మీద పోసి, ఎగరకుండా పాత చీర కప్పి, మూలల్లో రాళ్లు పెట్టాను. మా ఊరి కోట వెనక కొండకు ఇంకా వెలుగు తగల్లేదు. అవతలి డాబా మీద సారు లుంగీతో, భుజాన తువ్వాలుతో, బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోస్తున్నారు.

“ఏమ్మా, ఈ పొద్దు దూది ఎంతసేపట్లో ఆరతాది?”

“తొమ్మిదికంతా ఆరిపోతాది సార్.”

“అయితే నీకు పండగే.”

“పరుపులోళ్లకు ఎండే కదా సార్ అన్నం.”

“అన్నమే. ఎక్కువైతే అరగదు” అన్నారు.

ఇంతలో చిన్న తమ్ముడు ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“సార్, ఇది సూసినారా? ఇంకో అయిదేండ్లలో రాయలసీమలో మనిషనేవాడు బతకలేడంట. అంతా ఎడారంట.”

సారు చెంబు కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. ఎవరేం అడిగినా ముందు చేతులు తుడుచుకోవడం ఆయనకు అలవాటు. అవి పొడిగా ఉన్నా సరే.

“ఎవురు కొలిచినారు నాయనా? యాడ కొలిచినారు? ఎన్నేండ్లు కొలిచినారు?”

“అవన్నీ ఈడ లేవు సార్. మ్యూజిక్కు మాత్రం భయంకరంగా ఉండాది.”

“మ్యూజిక్కు వేసినాయన కొలిచినట్టు లేడులే.”

తమ్ముడు నవ్వాడు. భయం మాత్రం ముఖాన్ని వదల్లేదు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. ఇక్కడివన్నీ అమ్మేసి బెంగళూరు పోదామని నాతో అప్పటికే రెండుమూడు సార్లు అన్నాడు. సారు అది కనిపెట్టినట్టున్నారు. గొంతు తగ్గించారు.

“భూమి వేడెక్కేది నిజమప్పా. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు వల్లనే అనేదీ నిజం. దాంట్లో తగువు లేదు. కొలిచినోళ్లు ఒకరిద్దరు కాదు, ఒక దేశమోళ్లూ కాదు. తగువంతా ఏ ఊరికి ఎంత, ఎంత తొందరగా అనే కాడ. ఆడ ఎవుడన్నా అయిదేండ్లు, ఎడారి అని తేల్చి సెప్పినాడంటే వాన్ని నమ్మొద్దు.”

“అసలు వేడి ఎందుకెక్కతాది సార్?”

“మీ ఇంటి మాటే సెప్తా. భూమికి గాలి బొంత ఒకటి ఉండాది. అది లేకుంటే సలికి సస్తాం. మనం దాంట్లోకి ఇంకా ఇంకా దూది కూరతాండాం.”

“అయితే విప్పి కొంచెం పీకేద్దాం సార్!”

“మీ అన్న కుట్టిన బొంత విప్పేదానికే పూటంతా పడతాది. ఇది విప్పాలంటే మీ పిల్లోళ్ల కాలం కూడా సాలదు. ముందు కూరేది ఆపాల.”

ఆ మాటకు తమ్ముడి భయం తగ్గలేదు. కానీ ఆ వీడియోను ముందుకు పంపకుండా ఫోను జేబులో పెట్టుకున్నాడు. సారు దగ్గర అంతే జరిగేది. భయం పోదు, భయానికి ఒక హద్దు ఏర్పడుతుంది.

పెద్ద తమ్ముడిది వేరే ధోరణి. ఒక మధ్యాహ్నం సారు షెడ్డులోకి వచ్చి, “ఈ కొలిమిలో ఎట్ట కూసుంటారబ్బా?” అన్నారు.

“మన సీమలో ఎండ కొత్తా సార్? మా తాత ఈ ఎండలోనే దూది ఏకినాడు.”

“రేకుల కింద ఏకినాడా, సెట్టు కింద ఏకినాడా?”

తాత వేపచెట్టు కింద ఏకేవాడు.

“ఆ పొద్దు ఎండా ఈ పొద్దు ఎండా ఒకటేనని ఎవురు కొలిచినారు?”

“ఎవురూ కొలవలేదు సార్.”

“అయితే నువ్వూ మీ తమ్ముడూ ఒకటే బడి. ఆయన భయపడి కొలవడు. నువ్వు మొండికేసి కొలవవు.” వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నారు. “పగటి ఎండ మీ తాతకూ ఉండె. రాత్రి సల్లబడతాందా లేదా సూడు. రాత్రి ఒళ్లు సల్లబడకుంటే పొద్దుటి పనికి ఒళ్లు రాదు.”

ఆ మాట తమ్ముడికి ఎక్కడో తగిలింది. ఎవరికీ చెప్పకుండా, పనికిరాని దూదిని గోతాల్లో కూరి రేకుల కింద వరసగా కట్టేశాడు. దూది వేడిని ఆపుతుందని మాకంటే ఎవరికి తెలుసు? షెడ్డు నిజంగానే కొంచెం చల్లబడింది. గర్వంగా సారును పిలుచుకొచ్చాడు. సారు ఒక గోతాన్ని చేత్తో నొక్కి చూసి, “బుర్ర ఉండాదప్పా నీకు” అన్నారు. తర్వాత తల ఎత్తి, గోతాల మధ్యగా ఫ్యానుకు పోతున్న కరెంటు తీగను చూస్తూ నిలబడిపోయారు. అక్కడ ఒక్క నిప్పురవ్వ రాలితే చాలు, దూదంతా అంటుకుంటుంది. తమ్ముడి ముఖం పాలిపోయింది. ఆ పూటే గోతాలన్నీ దించేశాడు.

అప్పుడు సారు రేకుల మీద సగానికి సున్నం వేయించారు, సగం వదిలేయించారు. రెండు సగాల కింద రెండు థర్మామీటర్లు వేలాడదీశారు. వారం పాటు రోజూ మధ్యాహ్నం వచ్చి, తమ్ముడి చేతనే చదివించారు. సున్నం వేసినవైపు గీత కిందికే ఉండేది. ఆ ఆదివారం మిగతా సగానికి తమ్ముడే సున్నం వేశాడు. నేను సంతోషపడి, “ఇంక బాధ లేదు కదా సార్” అన్నాను.

“కొంత తగ్గినాదమ్మా. ఎండను సున్నం ఆపదు. మజ్జిగ తాగండి, మిట్టమధ్యాహ్నం పని మానుకోండి. మందును కూడా ఉన్నదానికంటే పెద్దగా సెప్పకూడదు.”

ఆయన అన్నీ అట్లాగే చెప్పేవారు. వరండాలో బల్బు ఆర్పుతూ, “ఇది ఆర్పితే భూమి సల్లబడిపోదు. బిల్లు తగ్గతాది. దేశమంతా కరెంటు ఎట్ట తయారు సేస్తాదో అదీ మారాల” అనేవారు. డాబా నీళ్లు మా రెండిళ్ల బోర్ల వైపు ఇంకేటట్టు గుంత తీయించి, “వాన కురిపించే శక్తి మనకు లేదు, కురిసింది దిగేదానికి దారి ఇయ్యొచ్చు” అన్నారు. తెలియనిదాన్ని తెలియదనడానికి ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు. దేవుణ్ణి వేడుకుంటూ దువా చేసేటప్పుడు నేను నేర్చుకోవాలని చూసేదీ అదే, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం.

మిట్టమధ్యాహ్నం పని మాత్రం మా పెద్ద తమ్ముడు మానలేదు. పెళ్లిళ్ల కాలం. పరుపులకు గిరాకీ అప్పుడే.

సారు పోయిన రోజు మధ్యాహ్నం, ఆయనను సాగనంపి వచ్చాక, మా వీధి వాట్సాప్ గుంపులో ఎవరో పెట్టారు: ‘భూతాపానికి మాస్టారు బలి.’ కింద మండుతున్న భూగోళం బొమ్మ. చిన్న తమ్ముడు ఫోను నా ముందు పెట్టాడు.

“సూడక్కా. సారే పోయినాడు. ఇంకా ఈడ ఏముండాది మనకు?”

“ఆయనకు ఏండ్లుగా గుండెజబ్బు. ఎండకేం సంబంధం? ప్రతిదానికీ ఎండేనా?” అన్నాడు పెద్దవాడు.

నేను లేచి సారు భార్య దగ్గరికి వెళ్లాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అడగకూడదేమో అనుకుంటూనే అడిగాను. “గుండె ఆగినాదని సెప్పినాడమ్మా డాక్టరు. వారంగా రాత్రిళ్లు ఆయనకు నిద్ర లేదు, ఉక్క. ఆ అలుపు కూడా గుండె మీద పడుండొచ్చు, ఎంతనేది సెప్పలేమన్నాడు” అంది. మళ్లీ తనే, “ఆయనున్నా అంతే సెప్పుండును” అంది.

తిరిగి వచ్చి ఇద్దరికీ ఆ మాటే చెప్పాను. ఇద్దరికీ నచ్చలేదు. నాకూ మనసు నిలవలేదు. ఎండే చంపిందంటే కోపం తెచ్చుకోవచ్చు. ఎండ కాదంటే నిద్రపోవచ్చు. ‘కొంత ఉండొచ్చు, ఎంతో తెలియదు’ అనే మాటతో కూర్చోవడం కష్టం. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజులో రెండుసార్లు దారి తప్పి, మళ్లీ మొదలుపెట్టాను.

నమాజు ముగించి వచ్చేసరికి తమ్ముళ్లు ఇంకా అరుచుకుంటున్నారు. ఒకడు బెంగళూరు అంటాడు. ఒకడు తాత అంటాడు. మా మరదలు, పెద్ద తమ్ముడి భార్య, అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. ఆమె మా మధ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

“లోకం సంగతి మీరిద్దురూ తేల్చుకోండి” అంది. “మొన్న మిషను మీద కుడతా కుడతా కండ్లు తిరిగి పక్కకు ఒరిగినాను. మీకు సెప్పలేదు. రేపటి నుంచి మద్యాన్నం ఆ రేకుల కింద నేను కూసోను.”

“మొన్నంటే ఎప్పుడు?” అన్నాడు పెద్ద తమ్ముడు.

“నువ్వు పుత్తూరు పొయ్యిన పొద్దు.”

“నాకెందుకు సెప్పలేదు?”

“సెప్తే ఏమంటావో నాకు తెలీదా? ఎండ కొత్తా అంటావు.”

తర్వాత మాటలు నిదానంగా వచ్చాయి. షెడ్డు ఫజర్ కాగానే తీసి, పదకొండుకు మూయాలి. ఎండ దిగాక మళ్లీ తీయాలి. పరుపులు ఆలస్యమవుతాయని పెళ్లివాళ్లకు చెప్పే పని నాకు పడింది. బెంగళూరు మాట ఈ ఎండాకాలం దాటేదాకా ఎత్తనని చిన్నవాడు ఒప్పుకున్నాడు, ఆ తర్వాత ఎత్తుతానని కూడా చెప్పాడు. గుంపులో సారు భార్య చెప్పినంతే రాయాలని, ఆ బొమ్మ తీసేయమని అడగాలని అనుకున్నాం. మరదలి కుట్టుమిషను షెడ్డులో ఉండకూడదు, ఇంట్లోకి రావాలి. అది రేపు కాదు, ఇప్పుడే అన్నాడు పెద్ద తమ్ముడు.

అది పాతకాలపు ఇనుప మిషను, ఒక్కడి వల్ల కాదు. ఇద్దరూ చెరో పక్క పట్టి లేపారు. మరదలు ముందు నడిచి, గడపలో ఉన్న మా అందరి చెప్పులూ కాలితో పక్కకు జరిపింది.