దేవదానం తాత జబ్బు పేరు

నిన్న పొద్దున స్కూల్ బస్సు ఎక్కబోతుంటే ఫోన్ వచ్చింది. దేవదానం తాత లేడు.

"ఏ దేవదానం తాత?" అని అడిగాను. తెలిసి కూడా అడిగాను. మొన్ననే మొయినాబాద్‌లో కలిసి చాయ్ తాగాం.

బస్సు వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

సాయంత్రం తాత ఊరు సురంగల్‌లో సమాధి చేశారు. నేను వెళ్లేసరికి ఊరి మొదట్లో ఫ్లెక్సీ. "1969 ఉద్యమ సింహం" అట. తాత ఫొటో చిన్నగా, దండం పెడుతున్న లీడర్ల ఫొటోలు పెద్దగా.

గొయ్యి పక్కన ఒకాయన మైకు పట్టుకుని తాత గొంతు గురించి, స్పీచుల గురించి దంచాడు. జనం చప్పట్లు కొట్టారు.

శవపేటిక పక్కన నిలబడి చప్పట్లు!

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఈ పోస్ట్. ఒక ఆర్ఐపీ కొట్టేసి వెళ్లిపోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇలాంటి చప్పట్ల సంగతి తాత మాకు ఎన్నోసార్లు చెప్పాడు.

1969లో తాత హైదరాబాద్‌లో డిగ్రీ స్టూడెంట్. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే ఊరికొచ్చాడు. నిద్ర లేకుండా పోయింది. ఆకలి పోయింది. చేవెళ్ల బజార్లో ఎడ్లబండి ఎక్కి పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా స్పీచే.

వచ్చే ఆదివారానికల్లా నేనే ముఖ్యమంత్రిని, గండిపేట నీళ్లన్నీ సురంగల్ పొలాలకు మళ్లిస్తా అన్నాడట. దానికీ చప్పట్లే! భుజాల మీద ఊరేగించారు. ఆలూరు వాళ్లు మా ఊరికి తీసుకుపోతామంటే, మొయినాబాద్ వాళ్లు ముందు మాకే కావాలన్నారట.

ఉద్యమం నిజం. తాత కోపమూ నిజమే. కానీ ఆ ముఖ్యమంత్రి మాటలు మేనియా, మనసు అదుపు తప్పి ఎగిరే జబ్బు. అప్పుడు ఆ కుర్రాడికి కావాల్సింది పూలదండ కాదు, డాక్టర్.

వానలు మొదలయ్యేసరికి కూలిపోయాడు. గోడ వైపు తిరిగి పడుకున్నవాడు లేవలేదు. మీటింగ్‌కు పిలవడానికి వచ్చినవాళ్లకు మొహం కూడా చూపలేదు.

"అమ్ముడుపోయిండు" అన్నారు. తలుపు మీద బొగ్గుతో "ద్రోహి" అని రాశారు. భుజాల మీద మోసిన వాళ్లే.

తాత వాళ్ల అమ్మకు చదువు రాదు. తలుపు మీద ఏం రాశారని కొడుకునే అడిగింది. తాతే చదివి చెప్పాడు.

తర్వాత చాలా ఏళ్లు ఊరికి "పిచ్చోడు". ఈ ఎగరడానికీ కూలడానికీ బైపోలార్ అనే పేరుందని, మందులున్నాయని హైదరాబాద్ దవాఖానలో చెప్పేసరికి తాతకు నలభై దాటాయి.

ఒకసారి మాతో అన్నాడు. "ద్రోహి అన్నోళ్ల మీద నాకు కోపం లేదు బిడ్డా. చప్పట్లు కొట్టినోళ్ల మీదనే ఉన్నది. అంత మందిల ఒక్కడన్న, అరే దేవదానం, రాత్రి పండుకున్నవారా అని అడగలే."

అందుకే మా గ్రూప్‌లో చప్పట్లు బంద్. ఎవరు ఎంత గొప్పగా మాట్లాడినా సరే.

గ్రూప్ అంటే, మొయినాబాద్‌లో ఒక చర్చి వెనక రేకుల గది. శనివారం సాయంత్రం బైపోలార్ ఉన్నవాళ్లం అక్కడ కూర్చుంటాం. తాతే మొదలుపెట్టాడు. అవును, ఉన్నవాళ్లం అన్నాను. స్టాఫ్‌రూమ్‌లో ఇది చదువుతున్న మేడమ్స్, మీరు కరెక్ట్‌గానే చదివారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు కాళ్లు నేల మీద లేవు. జాబ్ మానేసి చిల్కూరు రోడ్డులో ఇంటర్నేషనల్ స్కూల్ పెడతానని ఆపకుండా చెప్పాను. అప్పటికే ఫ్రెండ్స్ అంతా సూపర్ ఐడియా అన్నారు. ఈ ముసలాయన కూడా మెచ్చుకుంటాడనుకున్నా.

"మంచిగున్నది బిడ్డా. రాత్రి పండుకున్నవా? బువ్వ తిన్నవా?"

అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నీ విన్నాడు. మా ఆయనకు ఫోన్ చేసి పిలిపించి, మాతో పాటే ఆటో ఎక్కి దవాఖానకు వచ్చాడు. మధ్యలో ఆటో ఆపించి ఇడ్లీ తినిపించాడు. తింటూ కూడా తిట్టాను.

ఈ రోజు నా ఉద్యోగం, నా సంసారం, నా ప్రాణం మిగిలి ఉన్నాయంటే ఆయన వల్లే.

తిరిగి ఏమీ అడగలేదు, ఒక్కటి తప్ప. పోయిన ఏడాది తన గుండె ఆపరేషన్‌కు ముందు గ్రూప్ అందరి ఎదుట నా చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను మట్టిల పెట్టేటప్పుడు నా జబ్బు పేరు చెప్పాలె బిడ్డా. జనం ముందల చెప్పాలె. గా మందిల నా అసుంటోడు ఒకడన్న ఉంటడు. ఆనికి ఇనబడాలె."

మాట ఇచ్చాను. నిన్న వెళ్లి మైకు అడిగాను.

తాత తమ్ముడి కొడుకు అడ్డం వచ్చాడు. "గవన్ని ఇప్పుడెందుకు చెల్లె? మా పిల్లకు సంబంధాలు చూస్తున్నం. జర సమజ్ చేసుకో."

ఈలోగా పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. మట్టి వేసేశారు.

సమజ్ అయింది, అన్నా. బతికున్నప్పుడు పండక్కి కూడా ఇంటికి పిలవని మీ పెద్దబాపు, పోయాక సింహం కావచ్చు గానీ పేషెంట్ మాత్రం కాకూడదు. మైకు నీది, ఫ్లెక్సీ నీది. ఈ వాల్ నాది. డిలీట్ చేయమని ఫోన్ చేయకు, ఎత్తను.

అందరూ వినండి.

సురంగల్ దేవదానానికి బైపోలార్ డిజార్డర్ ఉండేది. యాభై ఏళ్లకు పైగా దాంతో బతికాడు. గోలీలు వేసుకున్నాడు, పొలం చేసుకున్నాడు, మాలాంటి వాళ్లను వెంటబెట్టుకుని దవాఖానకు తిరిగాడు. పిచ్చోడు కాదు. ద్రోహి కాదు. మీ సింహం అంతకన్నా కాదు.

నిన్న ఆ గుంపులో తాత లాంటి వాళ్లు ఎవరైనా నిలబడి ఉంటే, శనివారం మొయినాబాద్ రండి. మేముంటాం.

చెప్పిన తాతా. జనం ముందలనే చెప్పిన. ఇగ నిమ్మళంగ ఉండు.