తూకం గదిలో రెండో మనిషి

నౌబాద్‌లోని ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో నాది తూకం పని. మాత్రల్లో కలిపే పొడులను తూచి ఇవ్వాలి. ఒకరు తూస్తుంటే ఇంకొకరు పక్కనే నిలబడి చూసి సంతకం పెట్టాలన్నది నియమం. నా పక్కన నిలబడే ఆ రెండో మనిషి పక్క ఊరు జనవాడ నుంచి వచ్చే అక్క. తోడబుట్టినది కాదు, నాకంటే పెద్దదని అక్కా అనేదాన్ని. ఫ్యాక్టరీ అంతా కన్నడం, హిందీ. మా గదిలో మాత్రం తెలుగు.

నేను అంకె పైకి చదివితే అక్క చూసి "ఆఁ" అనేది. పొడికీ పొడికీ మధ్య కంది చేను సంగతో, కోడలి సంగతో చెప్పేది. నా భర్త పోయాక మళ్లీ పనికి వచ్చిన మొదటి రోజు పొడి ఒకసారి ఎక్కువ పోశాను, ఒకసారి తక్కువ. కాంటా మీద అంకె ఎంతకీ నిలవలేదు.

"కాంటా ఆగనీ చెల్లె. నువ్వు గూడ జర ఆగు. ఏం తొందర లేదు" అంది అక్క. సంతకం పెట్టకుండా, నేను తేరుకునేదాకా అలాగే నిలబడింది.

తర్వాత కొత్త కాంటా వచ్చింది. అది కంప్యూటర్‌కు కలిపి ఉంటుంది. డబ్బా మీది కోడ్ స్కాన్ చేసి పొడి పోస్తే బరువు దానంతటదే నమోదవుతుంది. తేడా వస్తే పని ముందుకు సాగనివ్వదు. ఒకసారి ఎక్కిన అంకెను చెరపడం ఎవరి వల్లా కాదు. మందు మింగేవాళ్లకు అది మంచిదే, కాదనను. రెండో మనిషి అవసరం లేదని అక్కను ప్యాకింగ్‌కు మార్చారు. అక్కడ నిలబడి నిలబడి మోకాళ్లు వాచి, కొన్నాళ్లకు మానేసింది.

ఒక మధ్యాహ్నం అలవాటు కొద్దీ అంకె పైకి చదివాను. తెర మీద పచ్చగుర్తు వచ్చింది. పొద్దున్నుంచి మాట్లాడని నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను.

ఆ ఆదివారం జనవాడ వెళ్లాను. అక్క గడపలో కూర్చుని కందులు ఏరుతోంది.

"నీ తూకం ఇప్పుడు ఎవలు చూస్తున్నరే?"

"కంప్యూటర్ చూస్తదక్కా."

"తప్పులు వోతయా?"

"పోవు."

"మరి మంచిదే గద" అని చేట పక్కన పెట్టింది. "నాకే ఇంట్ల పొద్దు పోతలేదు. కొడుకూ కోడలూ పొద్దుగాల చేన్లకు వోతే మళ్ల మాపటికే."

సోమవారం మేనేజర్ దగ్గరికి వెళ్లి, ప్యాకింగ్‌లో నలుగురుంటారు, నన్నూ అక్కడికి మార్చమని అడిగాను. కొత్త కాంటా నేర్చుకున్నది నేనొక్కదాన్నేనట, లాగిన్ కూడా నా పేరు మీదే ఉందట. కుదరదన్నాడు, మర్యాదగానే.

డ్యూటీ దిగాక ఇప్పుడు గేటు బయట చాయ్ బండి దగ్గర ఆగుతాను. చక్కెర తక్కువ వేయమంటాను. వాన వచ్చేలా ఉందంటాను. చాయ్ పోసే ఆయన కన్నడంలో ఏదో ఒకటి అంటాడు. గ్లాసు ఖాళీ అయినా కాసేపు అక్కడే నిలబడతాను.