చమేలీ ఎందుకు ఆడింది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో అటెండర్ దగ్గర్నుంచి హెడ్‌మాస్టర్ దాకా అందరూ అంటారు. అననివ్వండి, అబద్ధమేం కాదు. రెండు వేల నాలుగు ఎండాకాలంలో ఆ కోపమంతా తీసుకెళ్ళి ఖాజా మియా నెత్తిన పోశాను. ఆ సంగతి ఒప్పుకోకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

పెద్దమందడి దగ్గర శివశంకర్ గారికి పదెకరాల మామిడి తోట ఉండేది. ఆ మే నెలలో అక్కడ పిల్లల వేసవి శిబిరం పెట్టాం. తోట ఆయనది, పెత్తనం నాది. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, ఉప్పునుంతల నుంచి నలభై మంది పిల్లలు దిగారు. పాటలు, మట్టిబొమ్మలు, బావిలో ఈత అన్నీ ఉన్నాయి గానీ, శివశంకర్ గారికి ఇంకో పిచ్చి పట్టింది.

"పిల్లలకు గుర్రం ఎక్కుడు నేర్పిద్దాం టీచర్" అన్నారు.

"గుర్రం యాడికెల్లి తెస్తరు సార్? చెట్లకు కాస్తదా?" అన్నాను.

"వనపర్తిల ఖాజా మియాది పెండ్లిగుర్రం ఉన్నది గద."

మర్నాడు పొద్దున్నే ఖాజా మియా వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, నెత్తిన వలటోపీ. ఆయన వెనకే తెల్లటి ఆడగుర్రం చమేలీ. ఖాజా మియా తండ్రి రైలుస్టేషన్ నుంచి వనపర్తికి జట్కా నడిపేవాడట. ఆటోలొచ్చి జట్కాల పొట్టకొట్టాక, ఖాజా మియా కర్ణాటక వైపు జాతరలో మూడేళ్ళ గుర్రాన్ని కొనుక్కొచ్చి బరాత్‌లకు తిప్పడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ళుగా ఈ చుట్టుపక్కల పెళ్ళికొడుకులందరినీ చమేలీయే మోసింది. హిందువుల పెళ్ళిళ్ళు, ముసల్మానుల పెళ్ళిళ్ళు, దానికి తేడా లేదు.

వచ్చిన రోజే ఆయన తన మనసులో మాట చెప్పేశాడు. బరాత్ నుంచి వచ్చిన ప్రతిసారీ చమేలీ ముందరి కుడికాలు వాస్తోంది. ఇంకా డాంబరు రోడ్డు మీద తిప్పితే కుంటిదైపోతుందని పశువుల దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. గద్వాల అవతల జగదీశ్ గారని ఒక పెద్దమనిషి హాస్టల్ బడి నడుపుతున్నాడు. పిల్లలకు స్వారీ నేర్పడానికి గుర్రమూ, మనిషీ ఏడాది పొడుగునా కావాలని వెతుకుతున్నాడు. శిబిరం ఆఖరి రోజు ముఖ్య అతిథి ఆయనే. చమేలీ ఆయనకు నచ్చితే ఇద్దరికీ నీడ దొరుకుతుంది.

"ఆ నౌకరీ దొరికిందంటే మేడమ్, ఇగ చమేలీని బరాత్‌కు తీస్కపోను. అల్లా కసమ్" అన్నాడు ఖాజా మియా. నా కోపం ఎంత పెద్దదో, జాలి కూడా అంతే పెద్దది. ఎలాగైనా ఈయనకు ఆ ఉద్యోగం ఇప్పించాల్సిందేనని అప్పుడే పట్టుపట్టాను.

ఆయన పిల్లలకు నేర్పే పద్ధతి వేరు. మొదటి మూడు రోజులు ఎవర్నీ గుర్రం ఎక్కనివ్వలేదు. అరచెయ్యి చాపి వాసన చూడనివ్వాలి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తియ్యాలి, మాలీష్ చెయ్యాలి. చమేలీ ఉలవలు తిన్న తర్వాతే పిల్లలు ఉప్మా తినాలి. "నోరున్నోళ్ళం మనం అడుక్కొని తింటం. అది ఎవర్ని అడుగుతది?" అనేవాడు. మొదట సణిగిన పిల్లలే నాలుగో రోజుకల్లా ఉలవల తట్ట కోసం కొట్టుకోవడం మొదలుపెట్టారు.

వాళ్ళలో మానస అని ఉప్పునుంతల పిల్ల ఉండేది. తొమ్మిదేళ్ళు. నోరా అది, రైస్‌మిల్లా? పొద్దున లేచింది మొదలు ఆగేది కాదు.

"తాతా, చమేలీకి నా పేరు యాదుంటదా?"

"పేరు గాదు బిడ్డా, నీ వాసన యాదుంటది. జర పోయి తానం జేసి రా" అన్నాడు ఖాజా మియా. పిల్లలు పడీపడీ నవ్వారు. మానస మాత్రం నిజంగానే బావి దగ్గరికి పరుగెత్తి, తడి జుట్టుతో తిరిగొచ్చి చెయ్యి చాపింది. ఆ రోజు నుంచీ తాతకు తోకలా తయారైంది.

రెండో వారంలో ఒక రోజు వంట ఆలస్యమైంది. ఆకలికి ఆగలేక మానస స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. అంతే, చెట్టుకు కట్టేసిన చమేలీ ముందరి కుడికాలు ఎత్తింది. తర్వాత ఎడమకాలు. దరువుకు దరువు, కాలుకు కాలు! పిల్లలు ఓ అని కేకలు పెట్టి తలా ఒక పళ్ళెం అందుకున్నారు. చమేలీ మెడ ఎత్తి, సన్నటి గొంతు సాచి ఆడుతోంది. నేను కూడా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఖాజా మియా బావి దగ్గర బొక్కెన వదిలేసి ఉరికొచ్చి పగ్గం పట్టుకున్నాడు.

"బస్ బిడ్డా, బస్. చాలు."

"ఇంత మంచి విద్య పెట్టుకొని దాస్తరేంది ఖాజా భాయ్?" అన్నాను.

"ముసల్దైంది మేడమ్. ఆయాసపడ్తది." ఆయన నా మొహం చూడలేదు.

పిల్లలు ఊరుకుంటారా? ఆయన నమాజుకు అటు వెళ్ళగానే ఇటు పళ్ళేలు మోగేవి. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పైగా నా బుర్రలో ఒక బ్రహ్మాండమైన ఆలోచన పుట్టింది. ఆఖరి రోజు జగదీశ్ గారి ముందు చమేలీని డప్పుకు ఆడిస్తే ఆయన అక్కడే పడిపోడూ! పక్క ఊరి యోసేపు డప్పు కొడితే చుట్టూ పది ఊళ్ళు చెప్పుకుంటాయి. కబురు పెట్టేశాను కూడా. తర్వాతే ఖాజా మియాకు చెప్పాను.

ఆయన వంగి చమేలీ ముందరి కాలు తడిమాడు. "దాని కాలు వాసింది మేడమ్" అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నౌకరీ కావాల్సింది నీకా, నాకా? నీ కోసం నేను పరేషాన్ అవుతుంటే నువ్వు సాకులు చెప్తవేంది? గా సారు మెచ్చకపోతే మల్ల బరాత్‌లకే పోతవా?" మా నాన్న వయసు మనిషిని 'నువ్వు' అనేశానని తర్వాతగానీ తెలియలేదు. ఆయన తల వంచుకుని, "మీ ఇష్టం మేడమ్" అన్నాడు.

ఆఖరి రోజు పొద్దున, ఎప్పటిలాగే పిల్లలు చమేలీ చుట్టూ చేరి మాలీష్ చేస్తున్నారు. నేను హాజరు పట్టీతో వెనక నిలబడ్డాను.

"తాతా, చమేలీకి డప్పంటే గంత ఇష్టమా?" అని అడిగింది మానస.

ఖాజా మియా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఇష్టం గాదు బిడ్డా. భయం" అన్నాడు.

పిల్లలకు అర్థం కాలేదు. ఆయన కింద కూర్చుని చమేలీ ముందరి కాలి మీద చెయ్యి వేసి చూపించాడు. మోకాలి కింద, వెంట్రుకలు పెరగని చోట సన్నటి గీతలున్నాయి. "ఆడే గుర్రం ఉంటేనే బ్యాండోళ్ళు పిలుస్తుండిరి. గందుకే నేర్పిన. వెనక కాళ్ళు రెండూ గుంజకు కట్టేసి, మా బామ్మర్ది డప్పు కొడుతుంటే, దెబ్బకొక కట్టె ఈడ ఏస్తుంటి. ఒక దెబ్బ ఈ కాలుకు, ఒక దెబ్బ ఆ కాలుకు. ఇరవై దినాలు. తర్వాత కట్టె అవసరం పడలే. డప్పు ఇనంగనే కట్టె వస్తదనుకొని అదే కాలు లేపుతది. లోకం ఆట అనుకుంటది."

"ఎవరు కొట్టిండ్రు తాతా?" మానస మళ్ళీ అడిగింది. విన్నది గానీ నమ్మబుద్ధి కాలేదు పాపం.

"నేనే బిడ్డా."

"నువ్వు మంచోనివి కావు" అంది మానస. ఏడవలేదు, అరవలేదు. ఆయన పక్కనున్న ఉలవల తట్ట లాక్కుని అవతలి వైపుకు వెళ్ళి నిలబడింది.

"అవు బిడ్డా" అన్నాడాయన.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్ని రోజులుగా ఆ గుర్రం భయంతో కాళ్ళెత్తుతుంటే చప్పట్లు కొట్టిన మహాతల్లిని నేను. వెంటనే యోసేపు దగ్గరికి వెళ్ళి, "గుర్రం ఆట లేదు, దాని ముందట డప్పు కొట్టొద్దు" అని చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. ఇక్కడే చేశాను అసలు తప్పు. మా వైపు పెద్దమనిషి ఎవరొచ్చినా గేటు దగ్గర డప్పుతోనే ఎదురెళ్ళి తీసుకొస్తారు. అది ఎవరూ చెప్పనక్కర్లేదు, వద్దనాలని ఎవరికీ తోచదు కూడా. నాకూ తోచలేదు, యోసేపుకూ తోచలేదు.

సాయంత్రం నాలుగింటికి జగదీశ్ గారి జీపు గేటు ముందు ఆగింది. నేను పూలదండతో ముందుకు నడిచాను. యోసేపు డప్పు ఎత్తాడు.

చమేలీ అక్కడికి ఇరవై గజాల్లో నిలబడి ఉంది. మీద మానస కూర్చుని ఉంది, స్వారీ చూపించడానికి మొదటి వంతు ఆ పిల్లదే. డప్పు మోగగానే చమేలీ వాచిన కాలు ఎత్తింది. నేల మీద దించగానే వణికింది. మళ్ళీ ఎత్తింది. వచ్చిన జనం ఈలలు వేశారు. జగదీశ్ గారు దండ మాట మర్చిపోయి అటే నడిచారు. నేను దండ పట్టుకుని గేటు దగ్గరే ఉండిపోయాను.

ఖాజా మియా పగ్గం లాగలేదు, అరవలేదు. ఆ దుమ్ములో చమేలీ ముందు కూలబడి, దాని రెండు కాళ్ళనూ తన రెండు చేతులతో కావలించుకున్నాడు. "నై బేటీ, కట్టె లేదు. చూడు, నా చేతిల కట్టె లేదు" అంటున్నాడు. గిట్ట ఒకసారి ఆయన తొడ మీద పడింది. ఆయన వదల్లేదు. అంతలో మానస గుర్రం మీదినుంచి జారి దూకి, పరుగెత్తుకెళ్ళి యోసేపు డప్పు మీద రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. యోసేపు కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"అరే, ఎందుకు ఆపిండ్రు? మస్తుగ ఆడుతున్నది గద!" అన్నారు జగదీశ్ గారు. ఆయన చెడ్డవాడు కాదు, ముచ్చటపడ్డాడు అంతే. "ఏమయ్యా, రేపే తీస్కరా. మా బడికి ఎవరొచ్చినా గేటు కాడ గిట్లనే ఆడాలె."

కోరుకున్న ఉద్యోగం. కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. శివశంకర్ గారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఆడదు సార్" అన్నాడు ఖాజా మియా, కింద కూర్చునే.

"ఇప్పుడే ఆడింది గద?"

"అది ఆట గాదు సార్. ఇగ ఆడదు."

"ఆడని ముసలి గుర్రం మాకెందుకయ్యా!" అన్నారు జగదీశ్ గారు. శివశంకర్ గారు ఏవేవో నచ్చచెప్పబోయారు గానీ పని జరగలేదు. ఉపన్యాసం, బహుమతులు అయిపోయాయి, జీపు వెళ్ళిపోయింది. నేను ఖాజా మియా దగ్గరికి వెళ్ళి, తప్పంతా నాదేనని చెప్పి చేతులు పట్టుకున్నాను.

"మీరు కట్టె పట్టలేదు గద మేడమ్" అన్నాడాయన. ఆ మాటకు నాకు ఏడుపాగలేదు.

ఆయన బరాత్‌లకు మళ్ళీ వెళ్ళలేదు. జరీ జీను ఎవరికో ఇచ్చేశాడు. శివశంకర్ గారు తోటకు కాపలాదారుగా పెట్టుకున్నారు. వనపర్తిలో సొంత ఇల్లు వదిలి మామిడి తోటలో రేకుల గదికి రావాల్సి వచ్చినందుకు ఆయన భార్య అక్తర్ బేగం తిట్టని తిట్టు లేదు. "నాకు సవతి ఉన్నదని పెండ్లప్పుడు చెప్పలే గీ మనిషి. నాలుగు కాళ్ళ సవతి!" అని నాతో మొత్తుకునేది. ఆ నాలుగు కాళ్ళ సవతికి పొద్దున్నే ఉలవలు ఉడకబెట్టేది మాత్రం ఆమే.

తర్వాత ఆయన ఇంకో పని మొదలుపెట్టాడు. నేర్పిన దాన్ని మరిపించే పని. వారానికి రెండుసార్లు యోసేపు వచ్చి తోట అవతల, ఎక్కడో దూరంగా డప్పు మీద ఒక్క దెబ్బ వేసేవాడు. ఖాజా మియా చమేలీ నోటికి గుప్పెడు ఉలవలు అందించేవాడు. ఇంకో దెబ్బ, ఇంకో గుప్పెడు. నెలకు పదడుగులు దగ్గరికి జరిగేవాడు యోసేపు. చమేలీ కాలెత్తితే మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. ప్రతి మే నెలలో శిబిరానికొచ్చిన పిల్లలు ఈ పనిలో పాలు పంచుకున్నారు. మానస ఏటా వచ్చింది. ఆయనతో మొదటి ఏడు పొడిపొడిగా మాట్లాడింది, రెండో ఏటికి మళ్ళీ రైస్‌మిల్లు తిరిగింది.

రెండు వేల ఏడు మే నెలలో ఒక పొద్దున పిల్లలు మాలీష్ చేస్తుండగా, పెద్దమందడి రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు వచ్చింది. ఒక డప్పు కాదు, పూర్తి బ్యాండు. కంచెకు ఆనుకునే పోతోంది. చెప్పడానికి, ఆపడానికి ఎవరికీ వ్యవధి లేదు. ఖాజా మియా పరుగెత్తుకొచ్చి చమేలీ పక్కన నిలబడ్డాడు. ఆయన చేతిలో ఉలవలు కూడా లేవు. పిల్లలందరూ బిగుసుకుపోయారు.

చమేలీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. ఆయన ఖాళీ చేతిని మూతితో వెతికి, ఏమీ దొరక్క, ఆ అరచెయ్యే నాకుతూ ఉండిపోయింది. బ్యాండు కంచె దాటింది, మలుపు తిరిగింది, చప్పుడు సన్నగిల్లింది. ఖాజా మియా ఒక్కసారి కూడా రోడ్డు వైపు చూడలేదు. ఆ నాలుగు కాళ్ళ వైపే చూస్తున్నాడు. ఒక్క కాలూ నేల వదల్లేదు.

"నిలబడ్డది మేడమ్" అన్నాడు. గడ్డమంతా కన్నీళ్ళు. "చూసిండ్రా? నిలబడ్డది. నా బిడ్డ నిలబడ్డది."